జాన్ బాయిడ్ డన్లప్

తెల్లవారుజామున పాలకేనులు తగిలించుకొని పట్టణమునకు వచ్చు పాలవాడు, ఇంటింటికి ఉత్తరములు పంచు తపాలా బంట్రోతు, వెనుక పుస్తకములు కట్టుకొని బడికి పోవు బాలుడు - వీరందరు ఎన్నో యేండ్లుగా ఒక్క వాహనము నాశ్రయించినవారే. అది సైకిలు. దానికి గడ్డి వేయనక్కరలేదు; పెట్రోలు పోయనక్కరలేదు. ఇంత ఉక్కు, ఇంత రబ్బరు, మనుష్యుని కాలిబలము ఉన్న చాలును. అయితే ఈ మూటికి తోడు నాలుగవ వస్తువొకటి కలదు. అది కంటికి కనబడదు. అది లేని దినమున సైకిలు మనలను మోయదు సరికదా, మనమే దానిని నడిపించుకొని పోవలసి వచ్చును. అదియే టైరులోని గాలి.

ఆ గాలిని చక్రమునకు కట్టి, లోకమునకు ఉపకరించునట్లు చేసినవాడు యంత్రశాస్త్రము చదివిన పండితుడు కాడు. కర్మాగారముల యజమాని కాడు. గుఱ్ఱములకును ఆవులకును మందులిచ్చి జీవించు ఒక పశువైద్యుడు. ఆయన పేరు జాన్ బాయిడ్ డన్లప్.

డన్లప్ 1840వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండు దేశమున డ్రెగ్‌హార్న్ అను గ్రామమున ఒక వ్యవసాయ కుటుంబమున జన్మించెను. పొలములు, పశువులు, బండ్లు - వీని నడుమ ఆయన బాల్యము గడచెను. యుక్తవయస్సున ఎడింబరో నగరమునకు పోయి పశువైద్య విద్య నభ్యసించి, పందొమ్మిదేండ్ల ప్రాయముననే అందు ఉత్తీర్ణుడయ్యెను. కొన్నియేండ్లు స్వదేశముననే వృత్తి సాగించి, 1867లో సముద్రము దాటి ఐర్లండునకు వచ్చెను. తుదకు ఆ ద్వీపమునకు ఉత్తరభాగముననున్న బెల్‌ఫాస్ట్ నగరమున స్థిరపడెను.

మోటారుబండ్లు పుట్టని కాలమది. సరకులు మోయుటకు గుఱ్ఱములు. నగరవీధులలో ట్రాముబండ్లను లాగుటకు గుఱ్ఱములు. వైద్యుడు రోగి యింటికి పోవలెనన్న గుఱ్ఱమే. అట్టి నగరమున మంచి పశువైద్యునకు పని కొఱవడునా? డన్లప్ చేతిచలువ గలవాడని పేరు పొందెను. ఆయన వైద్యశాల ఐర్లండులోని పెద్ద పశువైద్యశాలలలో ఒకటిగా పెరిగెను. ఆయనకు ఒక కుమార్తె, ఒక కుమారుడు కలిగిరి. నలువది యేడేండ్ల వయస్సు వఱకు ఆయన జీవితము ఇట్లు ప్రశాంతముగా సాగిపోయెను. ఆ మీద నేమియు జరుగకపోయినచో నేడు ఆయన పేరు మన మెఱుగకయే యుందుము.

ఆయన చేసిన పని విలువ తెలియవలెనన్న, అంతకుముందు సైకిలు ఎట్లుండెనో కొంచెము తెలిసికొనవలెను. 1817లో జర్మనీ దేశీయుడగు కార్ల్ డ్రైస్ రెండు చక్రములను ఒకదాని వెనుక నొకటి నిలిపి, కాళ్లతో నేలను తన్నుచు ముందునకు సాగు కొయ్యబండిని నిర్మించెను. 1860 తరువాత ఫ్రాన్సు దేశమున ముందుచక్రమునకు పెడళ్లు అమర్చిరి. ఇనుపపట్టా వేసిన కొయ్యచక్రములతో రాళ్లబాటపై పోవు ఆ బండికి ఎముకలు కదల్చు బండి యని ఆంగ్లేయులు పేరుపెట్టిరి. ఆ పిమ్మట ముందుచక్రము మనుష్యుని ఛాతియెత్తు వఱకు పెరిగెను. దానిపై నుండి పడినవారికి తలలు పగులుచుండెను. 1885లో ఇంగ్లండులోని కవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ అను నాతడు ఇంచుమించు సమానమైన రెండు చక్రములతో, వెనుకచక్రమును గొలుసు త్రిప్పునట్టి సైకిలును విక్రయింప నారంభించెను. నేటి సైకిలుకు అదియే తాత. పడిపోవుదుమను భయము తగ్గెను కాని, మఱియొక బాధ పెరిగెను. పెద్దచక్రము చిన్నగుంటను సులువుగా దాటిపోవును. చిన్నచక్రము అందులో దిగబడి లేచును. చక్రమునకు చుట్టిన గట్టి రబ్బరు పట్టా ఆ అదురును ఆపజాలకుండెను. సైకిలు మేలైన రూపు దాల్చినను, దానిపై కూర్చున్న మనుష్యుడు మాత్రము అదరుచునే యుండెను.

డన్లప్ కుమారునకు ఒక మూడుచక్రముల సైకిలుండెను. 1887 నాటికి ఆ బాలునకు సుమారు తొమ్మిదేండ్లు. బెల్‌ఫాస్ట్ వీధులు చెక్కిన రాళ్లు పఱచినవి. వాని నడుమ ట్రాము పట్టాలు. ఆ రాళ్లపై గట్టిరబ్బరు చక్రముల బండిని త్రొక్కుట బాలునకు శ్రమ కలిగించెను, వేగమును చిక్కదయ్యెను. పిల్లవాడు తండ్రితో మొఱపెట్టుకొనెను. ఇట్టి మొఱలు ప్రతి యింటను వినబడునవే. పెద్దవారు రెండు మంచిమాటలు చెప్పి పంపివేయుట లోకమర్యాద. డన్లప్ అట్లు చేయలేదు. చక్రమునకును రాతికిని నడుమ ఏది యుండినచో దెబ్బ తగులకుండునో ఆలోచింప మొదలిడెను.

ఆయనకు తోచిన యుపాయము గాలి. 1887 అక్టోబరు మాసమున తన యింటి పెరటిలోనే ప్రయోగమునకు పూనుకొనెను. పలుచని రబ్బరు రేకుతో ఒక గొట్టము చేసెను. గుండ్రని కొయ్యపలక యొక్క అంచుచుట్టు దానిని అమర్చి, పైన గుడ్డపట్టీ కప్పి, చిన్నచిన్న మేకులతో బిగించెను. బంతికి గాలి కొట్టు పంపుతో గొట్టమున గాలి నింపి మూతి బిగగట్టెను. పిదప కుమారుని బండి నుండి ఒక చక్రమును ఊడదీసి, రెండింటిని పెరటిలో దొర్లించి చూచెను. బండిచక్రము కొంతదూరము దొర్లి పడిపోయెను. గాలిచక్రమో, పెరటి నంతయు దాటి తలుపుకంబమునకు తగిలి వెనుకకు ఎగిరిపడెను.

ఇందలి రహస్యమేమి? గట్టిచక్రమునకు గులకరాయి అడ్డుపడినచో, ఆ రాతిని దాటుటకు చక్రము, బండి, బండిపై మనిషి - మూడును పైకి లేవవలెను. లేచిన బరువు మరల క్రింద పడవలెను. ఇట్లు అడుగడుగునకు బరువు నెత్తి దింపుటలో కాలిబలము వ్యర్థమగును. గాలిచక్రము రాతిపై ఎక్కినపుడు, రాయి తగిలినచోట టైరు లోపలికి నొక్కుకొనును. మిగిలిన బండి దాదాపు ఉన్నయెత్తుననే యుండును. రాయి దాటగానే గాలి మరల యథాస్థితికి వచ్చును. కనుక గాలివలన సుఖము మాత్రమే కాదు, వేగమును కలుగును. డన్లప్ సుఖమును వెదకబోయెను. వేగమును వెంట దొరకెను.

బాలుని బండి వెనుకచక్రములకు గాలిటైర్లు అమర్చి చూచుటయు, తరువాత పెద్దసైకిలుకు అమర్చి చూచుటయు జరిగెను. ఫలితము సంతృప్తికరముగ నుండుటచే ఆయన ప్రభుత్వమునకు దరఖాస్తు పెట్టుకొని, 1888 డిసెంబరు 7వ తేదీన పేటెంటు పొందెను. ఒక క్రొత్త వస్తువును కల్పించినవానికి, కొంతకాలము వఱకు దానిని తయారుచేసి అమ్ముకొను హక్కు అతనికే చెందునట్లు ప్రభుత్వమిచ్చు పత్రమే పేటెంటు.

లోకము క్రొత్తవస్తువును మొదట చూచి నవ్వును; తరువాత చూచి కొనును. ఆ నగరమున విలియం హ్యూమ్ అను సైకిలు పందెగాడుండెను. గాలిటైర్ల సైకిలును మొదట కొన్నవాడతడే. 1889 మే 18వ తేదీన బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ కళాశాల క్రీడలలో అతడు ఆ సైకిలుతో దిగెను. సన్నని పట్టాల చక్రములకు అలవాటుపడిన కన్నులకు ఆ లావుపాటి టైర్లు వింతగా తోచెను. పందెములు ముగియునప్పటికి నవ్వు ఆగెను. ఆనాడు జరిగిన నాలుగు సైకిలు పందెములలోను హ్యూమ్ గెలిచెను. కొలదికాలములోనే ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున జరిగిన పందెములలోను అతనికి విజయము లభించెను.

ఓడినవారిలో హార్వే డు క్రో అను వర్తకుని కుమారులును ఉండిరి. డు క్రో ఐర్లండు దేశపు సైకిలువారి సంఘమునకు అధ్యక్షుడు, వ్యాపారమున నిపుణుడు. కుమారులు ఓడినందుకు చింతింపక, వారి నోడించిన టైరు నాతడు పరీక్షించి చూచెను. అతడును డన్లప్‌యును మఱికొందఱును కలిసి 1889లో డబ్లిన్ నగరమున ఒక కంపెనీని నెలకొల్పిరి. డన్లప్ తన పేటెంటు హక్కును ఆ కంపెనీకి అప్పగించెను.

ఇంతలో పిడుగువంటి వార్త వచ్చెను. 1890లో ప్రభుత్వాధికారులు డన్లప్ పేటెంటు చెల్లదని తెలిపిరి. గాలిచక్రమును ఆయనకంటె నలువదియేండ్లకు పైగా ముందుగనే మఱియొకడు కనిపెట్టియుండెను! అతడును స్కాట్లండు వాడే. పేరు రాబర్ట్ విలియం థామ్సన్. 1845లో, ఇరువదిమూడేండ్ల వయస్సున, థామ్సన్ గాలిచక్రమునకు పేటెంటు పొందెను. రబ్బరు పూసిన గుడ్డగొట్టమునకు పైన తోలు కప్పి, గుఱ్ఱపుబండి చక్రములకు అమర్చి, లండను నగరములోని ఉద్యానమార్గములలో నడిపి చూపెను కూడ. బండి చప్పుడులేక సాగెను. కాని అప్పటికి పెడళ్ల సైకిలు లేదు, మోటారుబండి లేదు. తగినంత సన్నని మేలిరబ్బరు దొరకుట దుర్లభము. బండ్లకు అంత వెలపెట్టి గాలిచక్రములు కొనువారు లేకపోయిరి. థామ్సన్ 1873లో మరణించెను. ఆయన పేటెంటు కాగితము దస్త్రముల నడుమ మఱుగున పడెను. డన్లప్ దానిని ఎన్నడును చూచియుండలేదు, వినియుండలేదు.

విద్యార్థులారా, ఈ సన్నివేశమును కొంచె మాలోచింపుడు. డన్లప్ దొంగిలించినవాడు కాడు. ఒకరి యూహను చూచి వ్రాసికొన్నవాడు కాడు. తన పెరటిలో, తన చేతులతో, తన బిడ్డకొఱకు చేసికొన్న వస్తువది. అయినను మొదటివాడను గౌరవము న్యాయముగా థామ్సన్‌కే చెందవలెను. తెలియక చేసినను, తెలిసిన తరువాత సత్యమును అంగీకరింపవలసినదే. పేటెంటు చేజారగానే టైర్లు తయారుచేయుటకు ఎవరికైనను దారి యేర్పడెను. కంపెనీ నిలుచునా, కూలునా యను సంశయము కలిగెను.

కంపెనీ నిలిచినది. నిలిచిన కారణము మిక్కిలి గమనింపదగినది. డన్లప్ మొదట చేసిన టైరులో ఒక పెద్దలోప ముండెను. ఆ టైరును చక్రమునకు గుడ్డతో చుట్టి, రబ్బరు జిగురుతో అంటించి వేసెడివారు. ముల్లు గ్రుచ్చుకొని గాలి పోయినచో, అంటిన గుడ్డను ఊడబెఱికి, లోపలి గొట్టమును అతికి, మరల జిగురుపూసి ఆరబెట్టవలెను. అది గంటల పని. నేర్పరియైన పనివాని పని. దారిమధ్యమున టైరు చెడినవాడు సైకిలును నడిపించుకొని యింటికి చేరవలసినదే. అట్టి వాహనము పందెగాండ్రకు పనికివచ్చును కాని, ప్రతిదినము పనికి పోవు సామాన్యునకు పనికిరాదు.

1890లో ఇద్దరు మనుష్యులు వేర్వేఱుగా ఈ చిక్కును విడదీసిరి. ఇంగ్లండువాడగు చార్లెస్ వెల్చ్ టైరు అంచులలో సాగని తీగను పొదిగి, నడుమ లోతుగల రిమ్ములో అది కూర్చుండునట్లు ఏర్పాటుచేసెను. ఎడింబరోలో పనిచేయుచుండిన విలియం బార్ట్‌లెట్ టైరు అంచులు రిమ్ము వంపులలో చిక్కుకొని నిలుచునట్లు చేసెను. ఈ రెండు పద్ధతులలోను గాలి తీసినచో టైరు చేతికి ఊడివచ్చును. గాలి కొట్టినచో బిగిసికొనును. డన్లప్ కంపెనీ ఈ ఇద్దరి పేటెంటులను కొనివేసెను. వానితోనే అది నిలదొక్కుకొనెను.

ఫ్రాన్సు దేశమున మిషెలిన్ సోదరులును ఊడదీయుటకు వీలగు టైరును చేసిరి. 1891 సెప్టెంబరు మాసమున పారిస్ నుండి బ్రెస్ట్ రేవునకు పోయి మరల పారిస్ చేరవలసిన గొప్ప సైకిలు పందెము జరిగెను. దూరము సుమారు 1,200 కిలోమీటర్లు. షార్ల్ టెరాం అను నాతడు మిషెలిన్ టైర్లతో 71 గంటలకు పైచిలుకు కాలములో ఆ దూరమును ముగించి గెలుపొందెను. దారిలో టైరు చెడినను బాగుచేసికొని సాగిపోవచ్చునని లోకమునకు తెలిసెను. నాటినుండి సైకిలుపై దూరప్రయాణములు చేయువారి సంఖ్య పెరుగుచు వచ్చెను. ఏ వస్తువైనను కనిపెట్టబడినంత మాత్రమున సామాన్యునిది కాదు. చెడినపుడు అతని చేతికి లొంగి బాగుపడునదైననే అతనిదగును.

కంపెనీ దినదినాభివృద్ధి చెందెను. కాని దాని లాభములు డన్లప్‌ను కోటీశ్వరుని చేయలేదు. ఆయన 1895లో కంపెనీ నుండి తప్పుకొనెను. మఱుసటి సంవత్సరమే డు క్రో ఆ వ్యాపారమును టెరా హూలీ అను ధనికునకు 30 లక్షల పౌన్లకు అమ్మెను. హూలీ దానిని ప్రజలకు వాటాలుగా 50 లక్షల పౌన్లకు మాఱమ్మెను. ఆ ధనప్రవాహము డన్లప్ గుమ్మము ముందునుండి పోయెనే కాని లోపలికి రాలేదు. ఆయన పేరు మాత్రము కంపెనీకి నిలిచిపోయెను. ఆయన డబ్లిన్ నగరమున ఒక బట్టల వర్తకసంస్థలో భాగస్వామియై నెమ్మదిగా జీవించెను.

గాలిటైరు వలన రబ్బరునకు ఎన్నడును లేని గిరాకి యేర్పడెను. ఈ కథలోని చీకటిభాగమును విడిచిపెట్టుట న్యాయము కాదు. ఆఫ్రికా ఖండములోని కాంగో దేశము అప్పుడు బెల్జియం రాజగు రెండవ లియోపోల్డు సొంత ఆస్తివలె నుండెను. అడవిరబ్బరు తెచ్చి యీయవలెనని అచ్చటి ప్రజలను నిర్బంధించి, తేలేని వారిని కొరడాలతో కొట్టించి, చంపించి, చేతులు నఱికించి ఘోరములు చేసిరి. 1904లో రోజర్ కేస్‌మెంట్ వ్రాసిన నివేదిక వలన ఆ క్రూరకృత్యములు లోకమునకు వెల్లడియయ్యెను. 1908లో ఆ దేశము రాజు చేతినుండి తప్పి బెల్జియం ప్రభుత్వము క్రిందికి వచ్చెను. డన్లప్ ఈ పాపములో పాలుపంచుకొనలేదు. అయినను, మనము సుఖముగా వాడుకొను వస్తువు ఎవరి శ్రమవలన, ఎట్టి శ్రమవలన వచ్చుచున్నదో తెలిసికొనుట మన ధర్మము. 1876లో హెన్రీ వికమ్ బ్రెజిల్ నుండి తెచ్చిన రబ్బరు విత్తనముల సంతతి సింహళము, మలయా దేశములలో తోటలుగా పెరిగెను. ఇరువదియవ శతాబ్ది మొదట కేరళ ప్రాంతమునను రబ్బరు తోటలు వెలసెను. అటుపై తోటల రబ్బరే ప్రపంచ విపణిని ఆక్రమించెను.

డన్లప్ తన కన్నులయెదుటనే తన టైరు సైకిలు నుండి మోటారుబండికి, మోటారుబండి నుండి విమానమునకు ప్రాకుట చూచెను. గాలిటైరు చరిత్రను తానే ఒక పుస్తకముగా వ్రాసెను. అది ఆయన మరణానంతరము ప్రకటింపబడెను. 1921 అక్టోబరు 23వ తేదీన, ఎనుబది యొకటవ యేట, డబ్లిన్ నగరమున ఆయన పరమపదించెను.

ఆయన పేరు మన దేశమునకును వచ్చెను. 1936లో వంగదేశములోని హుగ్లీ జిల్లా సాహాగంజ్ వద్ద డన్లప్ కంపెనీ టైర్ల కర్మాగారమును నెలకొల్పెను. పిమ్మటి కాలమున అది మూతపడినను, ఆ పేరు అచ్చువేసిన టైర్లు మన పల్లెలలో ఎన్నో యేండ్లు దొర్లినవి.

మన రచ్చకట్టల యొద్ద, బజారు మలుపులలో సైకిలు బాగుచేయువాని పని నెప్పుడైన నిలిచి చూడుడు. అతడు రెండు ఇనుపబద్దలతో టైరు అంచు తప్పించి, లోపలి ట్యూబును వెలికి తీయును. దానికి గాలి కొట్టి తొట్టిలోని నీటిలో ముంచును. బుడగలు వచ్చిన చోట గుర్తు పెట్టును. తడి తుడిచి, గరుకుకాగితముతో రుద్ది, సొల్యూషను పూసి, కొంచె మారనిచ్చి, రబ్బరుముక్క నంటించును. టైరులోపల వ్రేళ్లతో తడవి, ముల్లు మిగిలియున్నదేమో చూచి గాని మరల ఎక్కింపడు. పది పదునైదు నిమిషములలో పని ముగియును. ఇందు పెరటిలో పొడమిన డన్లప్ యూహ కలదు. మఱుగునపడిన థామ్సన్ యూహ కలదు. వెల్చ్, బార్ట్‌లెట్‌ల నేర్పు కలదు. పేరు తెలియని తోటకూలీల చెమట కలదు.

కావున సైకిలుగల ప్రతి విద్యార్థియు దానిని శ్రద్ధతో కాపాడుకొనవలెను. గాలి తగ్గిన టైరుతో త్రొక్కినచో ట్యూబు రిమ్ముకును రాతికిని నడుమ నలిగి చిరుగును. నూనె, కిరసనాయిలు రబ్బరును పాడుచేయును గనుక గొలుసునకు నూనె వేయునపుడు టైరుపై పడనీయరాదు. పంక్చరు అతుకుట స్వయముగా నేర్చికొనుట మేలు. దారిలో ఎడమప్రక్కనే పోవలెను. మలుపు తిరుగునపుడు చేయి చాపవలెను. నడచిపోవువారికి, ముసలివారికి, పసివారికి దారి యీయవలెను. ఒక పసివాని యిబ్బందిని తండ్రి మన్నించుటచే పుట్టినది గాలిటైరు. దానిపై తిరుగువారు ఇతరుల యిబ్బందిని మన్నింపకుండుట తగదు.